కంప్యూటర్‌కు తలంటు

రండమ్మా, ఇట్లా దగ్గరికి జరగండి. ఆ ఫోను బోర్లా పెట్టి చెవి ఇటు పడెయ్యండి. నరసరావుపేట బరంపేటలో ఒక కోడలు తన చేతులతో కంప్యూటర్ తయారుచేస్తే, దానికి అత్తగారు కుంకుడురసంతో తలంటు పోసిన సంగతి చెబుతాను. నవ్వు వస్తే ఆపుకోవద్దు. ఆ రోజు వీధి వీధంతా నవ్వింది. మీరూ నవ్వితే ఎవరి సొమ్మూ పోదు.

కోడలి పేరు మాధురి. ముప్ఫై ఆరేళ్ళ మనిషి. పదకొండేళ్ళపాటు రామబ్రహ్మం డీటీపీ సెంటర్‌లో పనిచేసింది. డీటీపీ అంటే మరేం లేదు, పెళ్ళికార్డులూ ఫ్లెక్సీలూ కంప్యూటర్‌లో అందంగా పేర్చి ప్రెస్సుకు పంపే పని. రామబ్రహ్మం ముందు కౌంటర్ దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళతో ఊసుపోక కబుర్లు చెప్పేవాడు. వెనక గదిలో ఫ్యాను గాలి తగలని మూల కూర్చుని మాధురి ఊరందరి పెళ్ళిళ్ళూ చేసేది. కంప్యూటర్ మొరాయిస్తే మెకానిక్‌ను పిలవటానికి ఆయనకు మనసొప్పదు కాబట్టి, దాని మూత విప్పి దుమ్ము దులిపి మళ్ళీ నడిపించే పని కూడా ఆమెకే అంటగట్టాడు. అట్లా నేర్చుకుంది లోపల ఏది ఎక్కడ ఉంటుందో.

ఒకరోజు ఎవరో పెద్దమనిషి కార్డు చూసి మురిసిపోయి, "ఆ అమ్మాయి చెయ్యి మంచిదండీ" అన్నాడు.

దానికి రామబ్రహ్మం, "చేతిదేముందండీ, అంతా కంప్యూటరే చేసుద్ది. మౌసు నొక్కటం కోతికి నేర్పినా నొక్కుద్ది" అన్నాడు.

వెనక గదిలోకి ఆ మాట చక్కగా వినపడింది. మాధురి మౌసు పక్కన పెట్టింది. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుంది. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగింది. ఆయన మాత్రం ఊరుకుంటాడా, కొట్టులో ఉన్నవాళ్ళందరికీ వినపడేట్టు, "ఆ కుర్చీ ఎవరూ తియ్యబాకండి. వారం తిరక్కుండా వచ్చి అందులోనే కూర్చుంటది" అన్నాడు.

మాధురి వెనక్కి తిరిగి చూడలేదు కాని ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. ఇక ఆమెకు మిగిలిన పట్టుదల ఒక్కటే. ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోకూడదు. అందుకు ఇంట్లో సొంత కంప్యూటర్ ఉండాలి. దుకాణంలో బిగించి అమ్మేది కొంటే పనికి చాలినంత బలమైనది రాదు. విడి సామాన్లు తెచ్చి తానే బిగించుకుంటే వస్తుంది. ఎన్నాళ్ళుగానో దాచుకున్నది బయటికి తీసి గుంటూరు బయల్దేరింది.

"నేనూ వస్తా" అంటూ విశాలాక్షమ్మ ముందే వెళ్ళి ఆటో ఎక్కింది. ఈమే మాధురి అత్తగారు. డెబ్బైకి రెండు తక్కువ. కోడలితో గుంటూరు కాదు, కోర్టుకైనా వెళ్తుంది, దారిలో సోడా ఇప్పిస్తే.

కంప్యూటర్ల కొట్టతను ఒక్కొక్క సామానూ బల్ల మీద పెట్టాడు. అన్నీ కలిసి కూర్చునే మదర్‌బోర్డు, లెక్కలు చేసే చిప్పు, కరెంటు ఇచ్చే పెట్టె, కొత్త తెర. సాఫ్ట్‌వేర్ అంతా ఒక డిస్కులో ఎక్కించి ఇచ్చాడు. చివర్లో తీగలన్నీ తగిలించి, స్క్రూడ్రైవర్ మొనతో బోర్డు మీద రెండు సన్నటి ముళ్ళను ఒక్కసారి కలిపాడు. ఫ్యాను గిర్రున తిరిగింది.

"బటన్ చేసే పని ఇంతే మేడం. ఈ రెంటినీ ఒక్క క్షణం కలిపి వదిలెయ్యటం" అన్నాడు.

విశాలాక్షమ్మ అటు చూడటం లేదు. గోడ పక్కన వరసగా పెట్టిన ఖాళీ డబ్బాల దగ్గర నిలబడి ఉంది.

"ఇదేంది నాయనా, అద్దాల బీరువానా?"

"క్యాబినెట్ అమ్మా. సామాన్లన్నీ ఇందులో బిగిస్తారు. అద్దంలోంచి లోపలి లైట్లు కనపడతయ్."

"పేగులు బయటికి చూపించుకుంటా కూర్చునేదాన్ని ఇంట్లో ఎట్టా పెట్టుకుంటారయ్యా? ఏమే మాధురీ, మనింట్లో మీ మావయ్యది ఉంది గదా. ఇనప డబ్బా. మూతేసుకుని మర్యాదగా ఉంటది."

మాధురి కాదనబోయి ఆగింది. నిజమే, ఉంది. "రెండువేల నాలుగులో కొన్న డబ్బాలో ఈ బోర్డు పట్టుద్దా అండీ?" అని కొట్టతన్ని అడిగింది.

"కొలతలు అప్పుడూ ఇవే. రేకు మాత్రం ఇప్పటివాటికన్నా మందంగా ఉంటది. శుభ్రంగా పట్టుద్ది."

ఆ డబ్బా సంగతి కొంచెం చెప్పాలి. మాధురి మామగారు సత్యనారాయణగారికి పురుగుమందుల కొట్టు ఉండేది. ఆ వరసలో మొదటి కంప్యూటర్ ఆయనదే. దాన్ని వాడటం ఆయనకు రాదు, వచ్చినవాళ్ళకు చూపించటం వచ్చు. ప్రత్తి రైతు పురుగు పట్టిన కాయ తెచ్చి, "దీన్నడిగి మందు చెప్పండి షావుకారుగారూ" అంటే, ఆయన కళ్ళజోడు సవరించుకుని దాని వంక కాసేపు గంభీరంగా చూసి, ఎప్పుడూ ఇచ్చే మందే ఇచ్చేవాడు. రైతు తృప్తిగా వెళ్ళేవాడు. పురుగు సంగతి పురుగుకే తెలియాలి.

నాలుగేళ్ళ కిందట ఆయన పోయారు. కొట్టు మూశారు. కంప్యూటర్ అంతకు ముందే చచ్చింది. తెర పాతసామాన్లవాడికి పోయింది కాని డబ్బా మాత్రం హాల్లో స్టూలు మీద ఉండిపోయింది. ప్రతి దసరాకూ విశాలాక్షమ్మ దానికి ఆయుధపూజ చేస్తుంది. త్రాసుకూ స్కూటర్‌కూ చేసినట్టే దానికీ పసుపు పూసి, గంధం రాసి, కుంకుమ పెడుతుంది. దాని నుదురు ఎక్కడో ఎవరూ చెప్పకుండానే ఆమె కనిపెట్టింది. ఆ కిందుగా ఒక చిన్న బటన్ ఎప్పుడో రాలిపోయి బొక్క పడితే, అందులో అగరొత్తి గుచ్చుతుంది.

మంగళవారం పొద్దున మాధురి ఆ డబ్బా మూత విప్పింది. దుమ్ము, బల్లిగుడ్ల పెంకులు, అగరొత్తి బూడిద, పసుపు బియ్యం గుప్పెడు, ఎండిన బంతిరేకులు బయటికొచ్చాయి. సరిగ్గా అప్పుడే మూడిళ్ళ అవతల ఉండే రబియా వచ్చింది.

"ఏంది మాధురీ, కంప్యూటర్ చేస్తున్నావా, పులిహోర కలుపుతున్నావా?"

"రా రబియక్కా. నీ పని కోసమే ఈ తిప్పలు."

రబియా కూతురి నిఖా కుదిరింది. కార్డు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో పడాలి. రబియా దాన్ని రామబ్రహ్మానికి ఇవ్వకుండా మాధురికే ఇచ్చింది. మాధురి సొంతంగా పట్టిన మొదటి పని అది. గుంటూరు ప్రెస్సుకు గురువారం సాయంత్రం అయిదింటిలోగా ఫైలు చేరాలి. లేకపోతే ముహూర్తాల రోజులు కాబట్టి ప్రెస్సువాడు ఇంకో పది రోజులదాకా మొహం చూడడు. మాచర్ల నుంచి మగపెళ్ళివాళ్ళు ఆదివారం కార్డుల కోసం వస్తున్నారు. ఊళ్ళో తక్కిన డీటీపీలవాళ్ళంతా రామబ్రహ్మంతో కలిసి టీ తాగేవాళ్ళే, ఒక పూట కంప్యూటర్ ఇవ్వమంటే ఇవ్వరు.

మధ్యాహ్నానికి మాధురి బోర్డు బిగించింది. డబ్బా ముందు మిగిలిన పెద్ద బటన్ నుంచి వచ్చే సన్నటి తీగను ఆ రెండు ముళ్ళకు తగిలించింది. దేవుడికి ఒక దణ్ణం పెట్టుకుని బటన్ నొక్కింది.

ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద వెలుగు వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. టప్పుమని ఆరిపోయింది.

"పూజ చెయ్యకుండా మొదలుపెడితే అట్టానే అయిద్ది" అని విశాలాక్షమ్మ కుంకుమ భరిణె తెచ్చి, తడిగంధం దండిగా రాసి, పాత బొట్టు మీదే రూపాయిబిళ్ళంత కొత్త బొట్టు పెట్టింది.

మెయిన్ స్విచ్చు ఆపి మళ్ళీ వేశారు. నాలుగు. టప్.

బుధవారం మాధురి మరలన్నీ విప్పి మళ్ళీ బిగించింది. తీగలన్నీ ఊడదీసి మళ్ళీ గుచ్చింది. నాలుగు, టప్. విశాలాక్షమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. మిరపకాయల పొగను కంప్యూటర్ ఫ్యాను తిరిగిన నాలుగు సెకండ్లలోనే ఒకవైపు నుంచి పీల్చి ఇంకోవైపు నుంచి మొహాన కొట్టింది. ఇల్లంతా దగ్గు. దగ్గుతూనే విశాలాక్షమ్మ ఇంకో పూత పూసింది.

సాయంత్రం మాధురి మొగుడు వేణుమాధవ్ వచ్చాడు. చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లు ఆఫీసులో అతని ఉద్యోగం. డబ్బా వంక చూసి, "అమ్మా, ఇంకాస్త పూస్తే అది కంప్యూటరని గుర్తుపట్టటం కష్టం" అన్నాడు.

"మీ నాన్నకు ఇష్టం లేదేమోరా, ఆయన వస్తువులో ఇంకోళ్ళ సామాన్లు పెట్టటం."

"నాన్న బతికుండగా మాత్రం అది ఎప్పుడు నడిచింది గనక? ఏమే మాధురీ, పోనీ ఒక్క వారం రామబ్రహ్మంగారి దగ్గరికి..."

మాధురి ఒక చూపు చూసింది.

"నేనేం అనలా. పప్పు బాగుంది" అని కంచంలోకి తలదించుకున్నాడు వేణుమాధవ్.

గుంటూరు కొట్టతనికి ఫోను చేస్తే, బోర్డు తీసుకొచ్చి ఇచ్చిపొమ్మన్నాడు, శనివారం చూస్తాడట. గురువారం గడువుకు శనివారం చూడటం ఏ మూలకు?

గురువారం పొద్దున రామబ్రహ్మం వచ్చాడు. ఎవరో చెప్పారు ఆయనకు. పరామర్శకు వచ్చినవాడిలా మొహం పెట్టి కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి, "ఏదీ, ఒకసారి వెయ్యమ్మా చూద్దాం" అన్నాడు. మాధురి వేసింది. నాలుగు. టప్.

"పర్లేదు. నాలుగు సెకండ్లలో పెళ్ళికొడుకు పేరు కొట్టొచ్చు. మళ్ళీ వేసి పెళ్ళికూతురి పేరు కొట్టుకోవచ్చు. కార్డు అయ్యేలోగా వాళ్ళకు పిల్లలు పుడతారు, బారసాల కార్డు కూడా కలిపి వేసెయ్యి."

రబియా అక్కడే ఉంది. నవ్వలేదు. ఆయన లేచి వెళ్తూ, "మధ్యాహ్నం నుంచి వచ్చెయ్యమ్మా. ముందు రబియా పనే చేద్దువుగాని. నేనేం మనసులో పెట్టుకునే రకం కాదు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆయన వీధి మలుపు తిరిగాక రబియా మెల్లగా, "రెండింటిదాకా చూస్తా మాధురీ. ఆ తర్వాత నేనే ఆయన కొట్టుకు పోవాల్సొస్తది. ఏమీ అనుకోబాక. పిల్ల పెళ్ళి" అంది.

"ఏం అనుకోను అక్కా" అంది మాధురి.

రబియా కూడా వెళ్ళిపోయాక మాధురి డబ్బాకు ఎదురుగా నేల మీద కూలబడింది. డబ్బా మొహం, ఆమె మొహం ఎదురెదురుగా ఉన్నాయి. కోపంగా వేలితో దాని బొట్టు మీద పొడిచింది. వేలు తీసింది. బొట్టు లోపలికి పోయింది గాని తిరిగి బయటికి రాలేదు.

మాధురి తల వంచి పక్కనుంచి చూసింది. ఆ తర్వాత నవ్వటం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని నవ్వింది.

బటన్ నుదుటి మీద ఉంది. గుండ్రంగా ఉంది. బొట్టు పెట్టటానికి అంతకన్నా తగిన చోటు ఎవరికి కనపడుతుంది? ఇరవై దసరాల పసుపూ గంధమూ కుంకుమా, ఈ మూడు రోజుల కొత్త పూతలూ కలిసి, బటన్ చుట్టూ సందంతా పేరుకుపోయాయి. నొక్కితే లోపలికి వెళ్తుంది, ఆ బంకకు అతుక్కుని చాలాసేపటికి గాని బయటికి రాదు. బటన్ నాలుగు సెకండ్లు నొక్కిపట్టుకుంటే ఏ కంప్యూటర్‌కైనా అర్థం ఒక్కటే, ఆరిపొమ్మని. పాపం, అది చెప్పినమాట వింటోంది. ఆగిపోయిన ప్రతిసారీ విశాలాక్షమ్మ ఇంకొంచెం బంక పూస్తోంది.

మాధురి జడలోంచి పిన్ను తీసి గీకబోయింది.

"ఆగు!" వంటింట్లోంచి పప్పుగుత్తితోనే వచ్చింది విశాలాక్షమ్మ. "బొట్టు ముట్టుకోబాక."

"దీనివల్లే అత్తయ్యా ఆరిపోతున్నది. బటన్ ఇరుక్కుపోయింది, చూడండి."

"ఇరుక్కోనీ. ఆయన వస్తువుకు నేను పెట్టిన బొట్టు. నా బొట్టే నేను తుడవనివ్వలేదు, దీనిది తుడవనిస్తానా?"

మాధురి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ రోజు ఆమె కూడా అక్కడే ఉంది. సత్యనారాయణగారు పోయిన పదోరోజున, చుట్టాల్లో పెద్దాడవాళ్ళు నలుగురు తడిగుడ్డ పట్టుకుని వస్తే, విశాలాక్షమ్మ పీట మీద నుంచి లేచి, "నా మొహం మీద చెయ్యేసినదాని చెయ్యి విరుస్తా. ఆయన పోయాడు గాని నేను పోలేదు" అంది. వాళ్ళు తిట్టుకుంటూ భోజనానికి కూర్చున్నారు. ఆమె బొట్టు ఈ రోజుకూ అలాగే ఉంది. అలాంటి మనిషితో ఏం వాదిస్తుంది?

"సరే అత్తయ్యా. ముట్టుకోను" అంది మాధురి.

బటన్ తీగ బోర్డు నుంచి పీకేసింది. గుంటూరు కొట్టతను చేసినట్టు, స్విచ్చు వేసి, తెరిచిన డబ్బాలోకి వంగి స్క్రూడ్రైవర్ మొన పెట్టబోయింది.

విశాలాక్షమ్మ చూసింది. స్విచ్చు వేసి ఉంది, కోడలు కరెంటులోకి ఇనుము దూరుస్తోంది. అంతే. పప్పుగుత్తి గాల్లోకి లేచి మాధురి చేతి మీద పడింది. స్క్రూడ్రైవర్ ఎగిరి మంచం కిందికి పోయింది.

"అబ్బా! ఏంది అత్తయ్యా!"

"చచ్చిపోతావే పిచ్చిమొహమా!"

"ఏం కాదు అత్తయ్యా, అక్కడ కరెంటు చీమంత కూడా ఉండదు. రోజూ పొద్దున ఒకసారి ఇట్టా అంటిస్తే చాలు, బటన్‌తో పనే లేదు."

"రోజూనా?" అంది విశాలాక్షమ్మ. "రోజూ నువ్వు దీని పొట్టలో ఇనుము పెడతా ఉంటే, నేను గుత్తి పట్టుకుని పక్కన నిలబడాలా? చీమంతో ఏనుగంతో నాకేం తెలుసు? ఆయన్ని పంపించా. ఇంక ఎవర్నీ పంపే ఓపిక లేదు నాకు."

మాధురి చెయ్యి రుద్దుకుంది. విశాలాక్షమ్మ స్టూలు పక్కన చతికిలబడి డబ్బా వంక చూసింది. చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నేనన్నా రోజూ పొద్దున్నే మొహం కడుక్కుని కొత్త బొట్టు పెట్టుకుంటా. దీనికి ఇరవై ఏళ్ళలో ఒక్కసారన్నా మొహం కడిగానా? మురికి మీద మురికి పూస్తా కూర్చున్నా. అది మాత్రం ఎట్టా ఓర్చుకుంటది? లే. కుంకుడుకాయలు కొట్టు."

"నీళ్ళు వద్దు అత్తయ్యా! లోపలంతా కొత్త సామాను!"

"మరి ఎట్టా కడిగేది?"

డబ్బా ముందు మొహం ప్లాస్టిక్‌ది. వెనకనుంచి కొక్కేలు నొక్కితే మొత్తంగా ఊడి వస్తుంది. మాధురి బటన్ వెనక స్విచ్చునూ తీగలనూ తప్పించి, మొహం ఊడదీసి అత్తగారి చేతుల్లో పెట్టింది. విశాలాక్షమ్మ దాన్ని వీధికుళాయి దగ్గరకు తీసుకెళ్ళి, పీట వేసుకుని, ఒళ్ళో పెట్టుకుని కుంకుడురసం పోసింది. పాత టూత్‌బ్రష్షుతో బటన్ సందుల్లో తోమింది. నీళ్ళు ఎర్రగా, పచ్చగా కాలవలోకి పారాయి.

బరంపేటలో ఇలాంటిది జరిగితే ఎవరు ఇంట్లో కూర్చుంటారు? అయిదు నిమిషాల్లో వీధి నిండిపోయింది. ఎదురింటి గోపాలకృష్ణయ్యగారు పేపరు మడిచి చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఎవరికి వదినా తలంటు?"

"మా ఆయన కంప్యూటర్‌కి."

"మరి సాంబ్రాణి?"

"తడారకపోతే అదీ వేస్తా. నీకేమన్నా పోయాలా? రసం మిగిలింది."

గోపాలకృష్ణయ్యగారి బట్టతల చూసి అందరూ ఘొల్లుమన్నారు. విశాలాక్షమ్మ కూడా నవ్వింది. ఇంతలో ఆమె బొటనవేలి కింద బటన్ టిక్కుమంది. లోపలికి వెళ్ళి, దానంతట అదే బయటికి వచ్చింది. ఆమె మళ్ళీ నొక్కింది. టిక్. చిన్నపిల్లలా ఏడెనిమిదిసార్లు నొక్కింది.

ఏప్రిల్ ఎండ కాబట్టి సాంబ్రాణి అక్కరలేకపోయింది. ఒంటిగంటన్నరకు మాధురి మొహం తిరిగి బిగించింది. రబియా గుమ్మంలో నిలబడి ఉంది, కార్డు రాసిన కాగితం చేతిలో పట్టుకుని, లోపలికి వచ్చేందుకూ వెళ్ళేందుకూ కుదరక. అప్పుడే విశాలాక్షమ్మ భరిణె పట్టుకుని ముందుకొచ్చింది.

"పెద్దమ్మా వద్దు!" అంది రబియా. "అత్తయ్యా!" అంది మాధురి. కిటికీలోంచి గోపాలకృష్ణయ్యగారు కూడా ఏదో అరిచాడు.

"అరవబాకండే. నాకు తెలవదా?" అని ఆమె డబ్బా నెత్తిన, ఏ బటనూ లేని చోట, చిటికెన వేలితో సన్నగా ఒక బొట్టు పెట్టింది.

మాధురి నొక్కింది. టిక్.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదు. "ఛే, సాత్, ఆఠ్" అని రబియా ఉర్దూలో పైకే లెక్కపెట్టటం మొదలుపెట్టింది. ఇరవైదాకా వెళ్ళి ఆగింది. మాధురి లెక్కపెట్టలేదు. అప్పటికే కుర్చీ లాక్కుని కూర్చుని పెళ్ళికూతురి పేరు కొడుతోంది.

నాలుగున్నరకు ఫైలు గుంటూరు చేరింది. శనివారం రాత్రికి రబియా మొగుడు నూర్ మొహమ్మద్ కార్డుల కట్టలు మోటారు సైకిల్ మీద తెచ్చాడు. ఆదివారం మాచర్ల వాళ్ళు చదువుకుని, ఒక్క తప్పు దొరక్క కాస్త చిన్నబుచ్చుకుని, కార్డులు తీసుకుని వెళ్ళారట.

రామబ్రహ్మం మర్నాడు మనిషిని పంపాడు. మాధురి ఖాళీ లేదని చెప్పి పంపింది. నిజంగానే ఖాళీ లేదు. తలంటు చూడటానికి వచ్చినవాళ్ళు ఊరికే పోలేదు కదా. గోపాలకృష్ణయ్యగారు తన అరవయ్యో పుట్టినరోజుకు ఫ్లెక్సీ కావాలన్నాడు, అల్లుళ్ళ ఫొటోలు మాత్రం వద్దన్నాడు. ఇంకొకరు గృహప్రవేశం కార్డు తెచ్చారు. ఇంటి ముందు బోర్డు రాయించటానికి మాధురికి తీరిక దొరకలేదు, అక్కర కూడా పడలేదు. రిక్షా స్టాండులో దిగి "కంప్యూటర్‌కి తలంటు పోసినోళ్ళ ఇల్లేది?" అని అడిగితే చాలు, చిన్నపిల్లలైనా తీసుకొచ్చి దిగబెడతారు.

ఇదమ్మా సంగతి. గుర్తుపెట్టుకోండి. మీ ఇళ్ళకు వెళ్ళాక ఇంకొకళ్ళకు చెప్పండి. మిరపకాయల పొగ దగ్గర దగ్గండి, పప్పుగుత్తి దెబ్బ దగ్గర గట్టిగా చెయ్యి విసరండి, ఆ మాత్రం కలుపుకోవచ్చు. కాని విశాలాక్షమ్మను మాత్రం తెలివితక్కువదాన్ని చెయ్యకండి. ఇరవై ఏళ్ళు తన చేత్తో పెట్టినదాన్ని తన చేత్తోనే కడిగింది ఆమె. ఆ ఒక్క ముక్క వదిలేశారంటే, మీరు చెప్పేది వేరే ఎవరి కథో అవుతుంది.